ఎడిటర్ కుర్చీలో మీరు

కూర్చోండి. ఇవాళ్టికి ఈ కుర్చీ మీదే. కింద అచ్చుయంత్రాలు తిరుగుతున్నాయి, ఆ అదురు నేలలోంచి అరికాళ్లకు తెలుస్తోంది. బల్ల మీద ప్రూఫులు ఇంకా ఆరలేదు. వేలు పెడితే సిరా అంటుకుంటుంది. తలుపు దగ్గర కంపోజింగ్ గది మనిషి నిలబడి ఉన్నాడు. మొదటి పేజీ వదలమంటారా, ఆపమంటారా అని మీ మొహంలోకే చూస్తున్నాడు.

1923 నవంబర్ 8, బాగా పొద్దుపోయింది. ఊరు మ్యూనిక్. పత్రిక పేరు మ్యూన్ష్‌నర్ నోయెస్టె నాహ్‌రిష్టెన్. దక్షిణ జర్మనీలో దీనికి మించిన పలుకుబడి ఉన్న ప్రాంతీయ దినపత్రిక ఇంకొకటి చెప్పడం కష్టం. మీ పేరు ఫ్రిట్జ్ గెర్లిష్, వయసు నలభై. ఉత్తరాన స్టెటిన్ ఓడరేవులో చేపల వ్యాపారి ఇంట పెద్దకొడుకుగా పుట్టారు. చదువుకోసం మ్యూనిక్ వచ్చి, చరిత్రలో డాక్టరేటు తీసుకుని, బవేరియా ప్రభుత్వ పాతదస్త్రాల శాఖలో కుదురుకున్నారు. 1920లో ఈ పత్రిక ప్రధాన సంపాదకుడయ్యారు. గుండ్రటి ఉక్కుఫ్రేము కళ్లద్దాలు ముక్కు మీదికి జారుతుంటే పైకి తోసుకుంటూ వచ్చిన వార్త మళ్లీ చదువుతున్నారు.

బ్యుర్గర్‌బ్రాయ్‌కెల్లర్ అనే బీరు హాలులో గుస్టాఫ్ ఫాన్ కార్ ప్రసంగిస్తున్నాడు. బవేరియాలో ఇప్పుడు అధికారమంతా ఆయనదే. మధ్యలో అడాల్ఫ్ హిట్లర్ తుపాకీ మనుషులతో జొరబడ్డాడు. పైకప్పుకేసి ఒక గుండు పేల్చాడు. కార్‌నీ, అక్కడి సైన్యాధికారినీ, పోలీసు అధికారినీ పక్కగదిలోకి తీసుకుపోయాడు. కాసేపయ్యాక అందరూ వేదిక ఎక్కి చేతులు కలిపారు. బెర్లిన్ ప్రభుత్వం పోయిందట, కొత్త జాతీయ ప్రభుత్వం వచ్చిందట.

వేదిక మీద జరిగింది వార్తే. జనం కళ్లతో చూశారు. కానీ ఆ చేతులు మనస్ఫూర్తిగా కలిశాయా, తుపాకీకి కలిశాయా? అడుగుదామంటే కార్ ఎక్కడున్నాడో తెలియదు. రైళ్లకు కట్టలు అందాలి, ఆగితే పత్రిక ఊళ్లకు చేరదు. మీరైతే ఏం చేస్తారు?

పత్రిక వెళ్లింది. 9వ తేదీ ఉదయం మ్యూనిక్ తలుపుల కింద నుంచి లోపలికి వచ్చిన పత్రికలో కొత్త ప్రభుత్వం ఏర్పడిందనే ఉంది. అప్పటికే, తెల్లవారకముందే, కార్ తన మాట వెనక్కి తీసుకున్నాడు. మధ్యాహ్నం హిట్లర్ ఊరేగింపుకి పోలీసులు అడ్డం తిరిగారు. రెండువైపులా కలిపి ఇరవై మంది దాకా చనిపోయారు.

ఆ రాత్రి ఇంకోటి కూడా జరిగింది. మీ ఆఫీసుకు కూతవేటు దూరంలో, ఆల్ట్‌హైమర్ ఎక్ సందులో, సోషల్ డెమోక్రాట్ల పత్రిక మ్యూన్ష్‌నర్ పోస్ట్ ఉంది. హిట్లర్ మనుషులు దాని మీద పడి బల్లలు, కిటికీలు పగలగొట్టారు. సిద్ధాంతంలో ఆ పత్రిక మీకు బద్ధశత్రువు. మార్క్సిజాన్ని తిడుతూ మీరొక పుస్తకమే రాశారు. అయినా పగిలింది పత్రికాఫీసు. ఇంత దగ్గరలో.

ఇక్కడ మీకు గుచ్చుకునే సంగతి ఒకటుంది. మీరు జాతీయవాది. కార్ మీకు సన్నిహితుడు. ఈ హిట్లర్ కూడా మీకు కొత్తవాడు కాదు, అదే ఏడాది మీతో ముఖాముఖి కూర్చుని మాట్లాడినవాడు. బలప్రయోగం చేయనని బవేరియా పెద్దలకు మాట ఇచ్చి, ఆ మాటనే కాలితో తొక్కాడు. అబద్ధం చెప్పినవాణ్ని మీరు రాజకీయవేత్తగా లెక్కకట్టవచ్చు, లేదా అబద్ధాలకోరుగా లెక్కకట్టవచ్చు. మీరు రెండోదే ఎంచుకున్నారు. 1923లో మోసపోయినవాళ్లు మ్యూనిక్‌లో వేలమంది ఉన్నారు. వాళ్లలో చాలామంది 1933లో మళ్లీ మోసపోవడానికి సిద్ధపడ్డారు. గెర్లిష్ విలువ నాకు ఇక్కడే కనబడుతుంది. ఒక్కసారి తెలిసినదాన్ని ఆయన మళ్లీ మరిచిపోలేదు.

తర్వాతి నాలుగేళ్లు గబగబా దాటేద్దాం. సంపాదకీయాలు, యజమానులతో గొడవలు, కోపం, మందు. 1927లో మీ పత్రికలోనే రాజకీయాలు రాసే ఎర్వైన్ ఫాన్ ఆరెటిన్ ఒక వ్యాసం రాశాడు. కొన్నర్స్‌రొయిట్ అనే పల్లెలో థెరీస్ నోయ్‌మన్ అనే రైతు యువతి ఒంటి మీద క్రీస్తు గాయాలు కనబడుతున్నాయట. మీరు కాల్విన్ శాఖ ప్రొటెస్టెంట్. ఇందులో దగా ఏదో ఉంది, బయటపెడతాను అని బయల్దేరారు. దగ్గర కూర్చుని చూశారు, ప్రశ్నలు వేశారు, పాతదస్త్రాల మనిషికి ఉండే ఓపికతో ప్రతిదీ రాసుకున్నారు. తిరిగొచ్చి రెండు సంపుటాల పుస్తకం వేశారు, ఆమెది దగా కాదని. ఆ గాయాలను మనం నమ్మాలా అన్నది ఇక్కడి విషయం కాదు. బయల్దేరినప్పటి అభిప్రాయం ఒకటి, చూశాక వచ్చిన అభిప్రాయం ఇంకొకటి అయినప్పుడు రెండోదాన్నే అచ్చువేసిన సంపాదకుడు అని మాత్రం గుర్తుపెట్టుకోండి. 1931లో మీరు కాథలిక్ అయ్యారు.

1928లో ఆ పెద్ద కుర్చీ పోయింది. మళ్లీ పాతదస్త్రాల శాఖ. అయితే కొన్నర్స్‌రొయిట్‌లో కలిసిన మిత్రులు ఊరుకోనివ్వలేదు. ఎరిష్ ఫాన్ వాల్డ్‌బుర్గ్-ట్సైల్ అనే రాజవంశీకుడు డబ్బు పెట్టాడు. 1930లో ఒక ఆదివారపు వారపత్రిక మీ చేతికొచ్చింది. 1932 జనవరి నుంచి దాని పేరు డెర్ గెరాడె వేగ్, అంటే తిన్నని దారి.

ఈ కుర్చీ చిన్నది. కానీ ఇందులో మీ చేయి పట్టుకునేవాళ్లు లేరు.

1932 జూలై. ఎన్నికల వేడి. రిచర్డ్ వాగ్నర్ వీధిలో మీ ఇంటి నుంచి నాజీ పార్టీ హెడ్డాఫీసు బ్రౌన్ హౌస్‌కి నడిచి వెళ్లొచ్చు. మీ గుమ్మం వాళ్లకు తెలుసు. బెదిరింపులు వస్తున్నాయి. బల్ల మీద ఈ వారం మొదటి పేజీ బొమ్మ ఉంది. పెళ్లిబట్టల్లో ఉన్న ఆఫ్రికన్ వధువు చేయి పట్టుకుని నడుస్తున్న హిట్లర్. పైన శీర్షిక ఒక ప్రశ్న: హిట్లర్‌లో మంగోల్ రక్తం ఉందా?

ఎందుకిలా అని అడుగుతారా? నాజీలకు జాతి సిద్ధాంతం నూరిపోసిన పండితుడు హాన్స్ గ్యుంటర్. ఎవరు ఉత్తమ జాతో చెప్పడానికి ముక్కు ఇలా ఉండాలి, పుర్రె అలా ఉండాలి అని అతను కొలతలు పెట్టాడు. మీరు అవే కొలతలు తీసుకుని హిట్లర్ ముక్కుకు పెట్టారు. ముక్కు కొలత తప్పింది. వాళ్ల త్రాసులో వాళ్ల నాయకుణ్నే తూచి, తూగలేదని పాఠకుల ముందు పెట్టారు. ఆ తర్వాత ముక్కుల సంగతి వదిలేసి అసలు చోటికి వెళ్లారు. మనిషిని ముక్కు చూసి కాదు, మనసు చూసి తూచాలి, ఆ లెక్కన ఈ నిరంకుశుడి ఆలోచన ఎటువంటిదో చూడండి అని.

ఇది అచ్చయితే వాళ్లు క్షమించరు. ఓడిపోతే మరిచిపోవచ్చు, గెలిస్తే మీ దగ్గరికే వస్తారు. బొమ్మ తీసేసి మెత్తటి శీర్షిక పెట్టుకోవచ్చు. పత్రిక ఆగదు, మీరూ ఉంటారు.

జూలై 17 సంచిక ఆ బొమ్మతోనే వెళ్లింది.

జూలై 31 పోలింగ్. ఆ రోజు సంచికలో నాజీయిజాన్ని తెగులు అన్నారు మీరు. ఈ పార్టీ వస్తే పొరుగు దేశాలతో పగ వస్తుంది, దేశం లోపల దౌర్జన్యం వస్తుంది, అంతర్యుద్ధం, దేశాల మధ్య యుద్ధం, అబద్ధం, ద్వేషం, సోదరహత్య, అంతులేని కష్టం వస్తాయని వరసపెట్టి రాశారు. సాయంత్రానికి ఓట్లు లెక్కపెట్టారు. నాజీలకు 230 సీట్లు, రైష్‌స్టాగ్‌లో అతిపెద్ద పార్టీ.

1933 జనవరి 30. హిట్లర్ చాన్సలర్. ఫిబ్రవరి 27 రాత్రి రైష్‌స్టాగ్ భవనం తగలబడింది. మర్నాడు ఒక్క అత్యవసర ఉత్తర్వుతో పత్రికాస్వేచ్ఛ రద్దయింది. మార్చి 5న మళ్లీ ఎన్నికలు, ఈసారి వాళ్లకు 43.9 శాతం.

అయినా బవేరియా ఇంకా వాళ్ల చేతికి రాలేదు. ముఖ్యమంత్రి హైన్‌రిష్ హెల్డ్ లొంగడం లేదు. మీ దగ్గర కొత్త సరుకు ఉంది. నాజీ తుఫాను దళాల అధిపతి ఎర్న్‌స్ట్ రోమ్ దగ్గర పనిచేసి తెగతెంపులు చేసుకున్న గియోర్గ్ బెల్ అనే మనిషి మీకు లోపలి సంగతులు చేరవేస్తున్నాడు. మళ్లీ రాయడానికి సిద్ధమవుతున్నారు.

మార్చి 9, గురువారం.

మధ్యాహ్నానికి నగరపాలక భవనం గోపురం మీద స్వస్తిక జెండా ఎగురుతోంది. వీధుల్లో తుఫాను దళాల గోధుమరంగు చొక్కాలు. లారీల్లో పాటలు. పోలీసులు ఉన్నారు, కదలడం లేదు. బెర్లిన్ తన కమిషనర్‌గా జనరల్ ఫాన్ ఎప్‌ని నియమించబోతోందన్న మాట ఊరంతా పాకుతోంది.

వెళ్లిపొండి అని మిత్రులు అంటున్నారు. స్విట్జర్లాండ్ సరిహద్దు మరీ దూరం కాదు. రైలు ఉంది. మీ పత్రికలో హిట్లర్‌కి బహిరంగ లేఖ రాసిన కాపుచిన్ సన్యాసి ఇంగ్‌బెర్ట్ నాబ్ ఆ ఏడాదే దేశం దాటతాడు. దాటడం పిరికితనం కాదు. బతికి రాయడం కూడా పోరాటమే. కానీ మీరు ఇన్నాళ్లూ పాఠకులకు చెప్పింది నిలబడండి అని. ఇప్పుడు కుర్చీ ఖాళీ చేస్తే ఆ మాట ఏమవుతుంది?

మీరు ఆఫీసులోనే ఉన్నారు.

సాయంత్రం. హోఫ్‌స్టాట్ సందు. దీపాలు వెలిగాయి. సిబ్బందిలో కొందరు మెట్ల వైపు చూస్తున్నారు. కింద బూట్ల చప్పుడు.

ఒక జత కాదు. చాలా.

కాగితాలు దాచాలా? ఎక్కడ? ఎవరి పేర్లు ఉన్నాయి వాటిలో?

మెట్ల మీదికి వచ్చేశారు.

తలుపు.

అరుపులు. గెర్లిష్ ఎవరు? బల్ల తిరగబడింది. సొరుగులు నేల మీద. కాగితాలు కాళ్ల కింద. ఎవడో కాలర్ పట్టుకున్నాడు. మొదటి దెబ్బ మొహం మీద. కళ్లద్దాలు. రెండో దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియదు. నోట్లో ఉప్పగా నెత్తురు. లేవాలి. లేవనివ్వరు.

ఈడ్చుకుని కిందికి. వీధి. బండి.

ఎట్‌వీధి పోలీసు ప్రధాన కార్యాలయం. అదే రోజున మ్యూనిక్ పోలీసు బాధ్యత హైన్‌రిష్ హిమ్లర్ అనే ముప్పై రెండేళ్ల కోళ్లఫారం మనిషి చేతికి వచ్చింది.

ఇప్పుడు మీరు సెల్‌లో ఉన్నారు. ఏ నేరం మీద అని అడిగితే జవాబు లేదు. కేసు లేదు, విచారణ తేదీ లేదు, శిక్షాకాలం లేదు. దీనికి వాళ్లు పెట్టిన పేరు రక్షణ నిర్బంధం. ఎన్నాళ్లో తెలియనివాడికి రోజు గడవడం ఎలా ఉంటుందో ఊహించండి. ఏళ్ల లెక్కన శిక్ష పడినవాడు గోడ మీద గీతలు గీసి తీసేసుకోవచ్చు. మీకు ఎక్కణ్నుంచి తీసేయాలో తెలియదు.

గోడల అవతల పరిచయస్తులే. మార్చి 13న ఆరెటిన్‌ని పట్టుకొచ్చారు, కొన్నర్స్‌రొయిట్ వ్యాసం రాసిన మీ పాత సహచరుణ్ని. బొమ్మల వారపత్రిక మ్యూన్ష్‌నర్ ఇల్లుస్ట్రియర్టె ప్రెస్సె సంపాదకుడు, హంగరీవాడు స్టెఫాన్ లోరాంట్ కూడా ఇక్కడే ఉన్నాడు. అతను ఆరునెలలు దాటాక బయటపడతాడు, ఇంగ్లండ్ చేరి తన జైలురోజులను పుస్తకంగా వేస్తాడు. గియోర్గ్ బెల్ ఆస్ట్రియాలోకి పారిపోయాడు. ఏప్రిల్ 3న సరిహద్దు దాటి వెళ్లి మరీ చంపారు.

మార్చి 21న మీరు ఎనిమిదేళ్లు నడిపిన పత్రికలో ఒక వార్త పడింది. డాహౌ అనే ఊరి దగ్గర రాజకీయ ఖైదీల కోసం నిర్బంధ శిబిరం తెరుస్తున్నారని, అందులో 5,000 మంది పడతారని హిమ్లర్ ప్రకటన. దాపరికం ఏమీ లేదు. మామూలు అక్షరాల్లో, మామూలు వార్తల మధ్య. ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ వార్తే. బూట్లకు పత్రికాఫీసు తలుపు విరగ్గొట్టడం తేలికే. అంతకంటే పెద్ద విజయం తలుపులన్నీ తెరిచే ఉండి, అచ్చుయంత్రాలు నడుస్తూనే ఉండి, ఇలాంటి వార్త ఏ ప్రశ్నా లేకుండా పేజీలోకి వెళ్లడం. ఆ కుర్చీలో మీరు లేరు కాబట్టి అడిగేవాళ్లు లేరు.

అక్టోబర్ 4న సంపాదకుల చట్టం చేశారు, 1934 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. రాసేవాడు రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలి. యూదుడు కాకూడదు, యూదు భార్య ఉండకూడదు. ఇకమీదట సంపాదకుడు జవాబు చెప్పాల్సింది పాఠకుడికో యజమానికో కాదు, ప్రభుత్వానికి. పత్రికలను మూసేసే అవసరం చాలావరకు తీరిపోయింది.

మీరు లోపలికి వచ్చి పదహారు నెలలు కావస్తోంది. భార్య సోఫీ బయట తిరగని గుమ్మం లేదు.

1934 జూన్ 30, శనివారం. పొద్దుటి నుంచి ఎట్‌వీధిలో హడావుడి వేరుగా ఉంది. తలుపుల చప్పుళ్లు. పరుగులు. హిట్లర్ తెల్లవారుజామున మ్యూనిక్‌లో దిగాడు. తన తుఫాను దళాల అధిపతులనే పట్టుకున్నాడు. రోమ్ కూడా జైల్లో పడ్డాడు. వాళ్లు వాళ్లు కొట్టుకుంటున్నారు, మనకేం అనుకోవచ్చు. కానీ జాబితాలో పాత బాకీలూ ఉన్నాయి. 1923 నాటి కార్‌కి ఇప్పుడు డెబ్బయ్యొక్క ఏళ్లు, రాజకీయాలు వదిలేసి చాలా కాలమైంది. ఆయన్నీ ఇంటి నుంచి లాక్కెళ్లారు.

రాత్రి.

నడవాలో అడుగులు. మీ సెల్ ముందు ఆగాయి.

తాళం తిరిగింది.

పేరు అడిగారు. చెప్పారు. పదండి అన్నారు.

ఎక్కడికి?

జవాబు లేదు. బయట బండి. ఇంజన్ ఆపలేదు. డాహౌ ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు.

ఇక్కడ దిగండి. కుర్చీ అప్పగించి మీరు లేవండి. బండిలోకి మిమ్మల్ని ఎక్కించను. ఇక్కడి నుంచి వెళ్లింది ఒక్క గెర్లిషే. శిబిరానికి తీసుకెళ్లిన ఆ రాత్రే కాల్చి చంపారు. దేహాన్ని దహనం చేశారు. కార్‌నీ అక్కడే చంపారు. భర్త ఏమయ్యాడో సోఫీకి తెలిసింది నెత్తుటి మరకలతో ఇంటికి చేరిన ఉక్కుఫ్రేము కళ్లద్దాల వల్ల.

జూలై 3న ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అందులో అసలు వాక్యం ఒక్కటే. జూన్ 30, జూలై 1, 2 తేదీల్లో తీసుకున్న చర్యలు రాజ్యం ఆత్మరక్షణ కిందికి వస్తాయి, కనుక న్యాయసమ్మతం. అంతటితో ఆ హత్యలు కాగితం మీద హత్యలు కాకుండా పోయాయి.

1932 జూలైలో గెర్లిష్ వరసపెట్టి రాసినవి దాదాపు అన్నీ ఆ తర్వాత పదమూడేళ్లలో జరిగాయి. జోస్యం చెప్పే శక్తి ఏదో ఆయనకు ఉందని నేననుకోను. వాళ్లు చేస్తామని పుస్తకాల్లో రాసుకున్నది, సభల్లో అరిచింది ఆయన శ్రద్ధగా చదివాడు, విన్నాడు, వాళ్లు అన్నంత పనీ చేస్తారని నమ్మాడు. అది ఏ విలేకరికైనా అందుబాటులో ఉన్న పనే.

1945 అక్టోబర్ 6న, ఆయన పాత పత్రిక అచ్చయిన ఆవరణలోనే, జ్యూడ్‌డోయిచె ట్సైటుంగ్ అనే కొత్త దినపత్రిక మొదటి సంచిక వచ్చింది. యుద్ధం తర్వాత బవేరియాలో అమెరికన్ అధికారులు ఇచ్చిన మొదటి లైసెన్సు దానిదే. ఆ లైసెన్సు అందుకున్న ముగ్గురిలో ఒకరు ఎడ్మండ్ గోల్డ్‌షాగ్, 1933 మార్చి 9నే మూతపడిన మ్యూన్ష్‌నర్ పోస్ట్‌లో రాజకీయ సంపాదకుడు. హిట్లర్ పుస్తకం మైన్ కాంఫ్ అచ్చు పలకలను అక్కడే కరిగించి, ఆ లోహంతో మొదటి సంచిక పలకలు పోశారు.

ఇప్పుడు చదువుకోసం, ఉద్యోగాల కోసం మ్యూనిక్‌లో ఉంటున్న తెలుగువాళ్లు చాలామంది. మీరో, మీ పిల్లలో అక్కడుంటే ఒకరోజు క్యోనిగ్స్‌ప్లాట్స్ దగ్గర దిగండి. బ్రౌన్ హౌస్ ఉన్నచోట 2015 నుంచి నాజీ కాలపు చరిత్ర కేంద్రం నడుస్తోంది. అది చూసుకుని నాలుగు అడుగులు వేసి రిచర్డ్ వాగ్నర్ వీధికి వెళ్లండి. 27వ నంబరు ఇంటి గోడకు గెర్లిష్ పేరుతో ఫలకం ఉంది. చదివి రండి.